వెన్న స్థానంలో నూనె: బెంగళూరు వంటింటి బేకింగ్ ప్రాజెక్టు డైరీ

వెన్నతో రాసిన కేకు కొలతల్లో వెన్న తీసేసి నూనె పోయాలనుకునేవారికి ఏ దశలో ఏమి మార్చాలో, ఆ మార్పు ఎందుకు అవసరమో కొలతలతో సహా తెలియజేయడం కోసం ఈ డైరీ రాస్తున్నాను. కుదిరిన కేకుల కంటే అణిగిపోయినవి, జిడ్డు కారినవి, మర్నాటికి గట్టిపడినవి ఇందులో ఎక్కువ చోటు తీసుకుంటాయి. నూనె కేకు చెడిపోవడానికి కారణాలు చాలా కొద్దివే కాబట్టి, వాటిని విడివిడిగా పట్టుకోగలిగితే అదే పద్ధతిలో ఆలివ్ నూనెతోనూ, మన గానుగ నూనెలతోనూ ధైర్యంగా పని చేయవచ్చు.

పనిముట్లు, ప్రమాణాలు

వంటిల్లు బెంగళూరులో, మారతహళ్లి వైపు ఉంది. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కేకు మధ్యభాగం 98, 99 డిగ్రీలకు చేరేదాకా ఓవెన్‌లో ఉంచమని తీరప్రాంతపు లెక్కతో రాసిన సూచనను ఇక్కడ పాటిస్తే, ఆ అంకె కోసం ఎదురుచూసేలోపే అంచులు ఎండిపోతాయి. అందువల్ల ప్రతి కేకునూ మధ్యలో 95 డిగ్రీలు చూపగానే బయటికి తీశాను.

1. ఒక్క గ్రాము తేడాను కూడా చూపే డిజిటల్ త్రాసు. నూనెను కప్పుతో కాక తూకంతోనే తీసుకోవాలి, ఎందుకంటే 100 మి.లీ. నూనె సుమారు 92 గ్రాములే తూగుతుంది.
2. 28 లీటర్ల ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్), దాని లోపల వేలాడదీసే థర్మామీటరు. మీట 180 దగ్గర పెడితే 10 నిమిషాలకు లోపల 150 డిగ్రీలు, 25 నిమిషాలకు 172 డిగ్రీలు మాత్రమే కనిపించాయి. అందుకని కేకులన్నింటికీ మీటను 190 దగ్గర పెట్టి, 25 నిమిషాలు ముందుగా వేడి చేశాను.
3. కేకు మధ్యలో గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటరు.
4. 18 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. ఎత్తు ఉన్న గుండ్రటి అల్యూమినియం టిన్ను.
5. అంచు దాకా నింపితే సరిగ్గా 200 గ్రాముల నీరు పట్టే స్టీలు గ్లాసు.

చివరిది చాలా సాదా వస్తువే అయినా ఈ పని మొత్తంలో ఎక్కువగా ఉపయోగపడింది అదే. అదే గ్లాసును బ్యాటర్‌తో (కాల్చడానికి కలిపిన జారుడు పిండితో) నింపి, అంచు గీసి, తూచి, వచ్చిన అంకెను 200తో భాగిస్తే బ్యాటర్ సాంద్రత తెలుస్తుంది. ఆ అంకె 1 దాటితే బ్యాటర్‌లో గాలి దాదాపు లేనట్టే. అంకె తగ్గే కొద్దీ గాలి పెరిగినట్టు. కేకు ఓవెన్‌లోకి వెళ్లకముందే దాని భవిష్యత్తును చెప్పగల కొలత నాకు మరొకటి కనిపించలేదు.

మొదటి దశ: వెన్న కేకు, పోలిక కోసం

మైదా 150 గ్రా., పంచదార 150 గ్రా., ఉప్పు లేని వెన్న 120 గ్రా., గుడ్లు 2 (పెంకు తీశాక 100 గ్రా.), పెరుగు 100 గ్రా., బేకింగ్ పౌడర్ 6 గ్రా., ఉప్పు 2 గ్రా. వెన్న 20 డిగ్రీల దగ్గర, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉన్నప్పుడు పంచదార వేసి, తెల్లబడే వరకు గిలకొట్టాను.

గ్లాసు బ్యాటర్ 168 గ్రాములు తూగింది, అంటే సాంద్రత 0.84. కాలిన తరువాత మధ్యలో ఎత్తు 5.2 సెం.మీ., అంచున 4.4 సెం.మీ. కాలడానికి 38 నిమిషాలు పట్టింది. మరోసారి చేసినప్పుడు కూడా అంకెలు దాదాపు ఇవే రావడంతో దీన్ని ప్రమాణంగా పెట్టుకున్నాను.

ఇంతవరకు వాడినవి: మైదా 300 గ్రా., వెన్న 240 గ్రా., నూనె 0, గుడ్లు 4.

రెండో దశ: వెన్న ఎంతో నూనె అంత

చాలామంది మొదట చేసే మార్పు ఇదే కాబట్టి దీన్ని వదిలిపెట్టకుండా కొలిచి చూశాను. 120 గ్రాముల వెన్నకు బదులు 120 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె పోసి, మిగిలినదంతా యథాతథంగా ఉంచాను.

నూనె, పంచదార ఎంతసేపు గిలకొట్టినా తడి ఇసుకలాగే ఉండిపోయాయి. గ్లాసు బ్యాటర్ 212 గ్రాములు తూగింది, సాంద్రత 1.06. కాలిన కేకు మధ్యలో 3.6 సెం.మీ. మాత్రమే పొంగి, చల్లారేటప్పుడు ఇంకొంచెం అణిగింది. ఒక ముక్కను గోధుమరంగు కాగితం మీద 10 నిమిషాలు ఉంచితే ముక్క వెడల్పును దాటి నూనె మరక పాకింది. లోపల గుల్ల లేదు, అడుగున జిగట పొర ఉంది.

ఇక్కడ మూడు విషయాలు ఒకేసారి తప్పాయి. వెన్న మొత్తం కొవ్వు కాదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం టేబుల్ వెన్నలో కనీసం 80 శాతం పాల కొవ్వు ఉండాలి, తేమ 16 శాతానికి మించకూడదు. 120 గ్రాముల వెన్నలో సుమారు 96 గ్రాముల కొవ్వు, 19 గ్రాముల నీరు ఉంటాయి. నూనె మాత్రం నూటికి నూరు పాళ్లూ కొవ్వే. అంటే ఈ కేకులో కొవ్వు 24 గ్రాములు ఎక్కువైంది, నీరు 19 గ్రాములు తక్కువైంది, వాటికి తోడు గాలి లేకుండా పోయింది. నీరు తగ్గితే పిండిలోని గంజి సరిగా ఉడకదు, ఓవెన్‌లో పొంగడానికి తోడ్పడే ఆవిరి కూడా తగ్గుతుంది.

ఇంతవరకు: మైదా 450 గ్రా., వెన్న 240 గ్రా., నూనె 120 గ్రా., గుడ్లు 6.

మూడో దశ: నీటి లెక్క సరిచేయడం

120 గ్రాముల వెన్నకు బదులు 96 గ్రాముల నూనె, 20 గ్రాముల పాలు తీసుకున్నాను. కలిపే క్రమాన్ని కావాలనే మార్చలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో తెలియదు.

కాగితం మీద మరక ముక్క వెడల్పుకే పరిమితమైంది, అడుగున జిగట పొర కూడా సగానికి తగ్గింది. అయినా సాంద్రత 1.02 దగ్గరే నిలిచింది, మధ్య ఎత్తు 4.1 సెం.మీ. దాటలేదు. కోసి చూస్తే గుల్ల సన్నగా, బిగుతుగా, ఉడికిన కుడుము అడ్డకోతలా కనిపించింది.

దీన్నిబట్టి నీటి సమస్య, గాలి సమస్య వేరువేరని స్పష్టమైంది. వెన్నను పంచదారతో గిలకొట్టినప్పుడు పంచదార పలుకుల అంచులు గట్టి కొవ్వులోకి గాలిని చొప్పిస్తాయి, ఆ కొవ్వు గాలిని జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ద్రవంగా ఉన్న నూనెకు ఆ శక్తి లేదు. బేకింగ్ పౌడర్ ఈ లోటును పూడ్చలేదు, ఎందుకంటే అది కొత్త బుడగలను పుట్టించదు. దాని నుంచి వచ్చే వాయువు బ్యాటర్‌లో ముందే ఉన్న బుడగల్లో చేరి వాటిని పెద్దవి చేస్తుంది. బుడగలే లేనప్పుడు పౌడర్ ఎంత వేసినా ప్రయోజనం ఉండదు.

ఇంతవరకు: మైదా 600 గ్రా., నూనె 216 గ్రా., గుడ్లు 8. వెన్న ఇక పెరగదు కాబట్టి ఇకముందు ఆ లెక్క రాయను.

నాలుగో దశ: గాలిని గుడ్లలో నింపడం

ఈ ప్రాజెక్టులో అసలు మలుపు ఈ దశలోనే వచ్చింది. గాలిని పట్టి ఉంచే పని కొవ్వు చేయలేనప్పుడు ఆ పనిని గుడ్లకు అప్పగించాలి. గుడ్లు, పంచదార కలిపి హ్యాండ్ మిక్సర్‌తో 7 నిమిషాలు గిలకొడితే మిశ్రమం పాలిపోయి, చిక్కబడి, ఎత్తి వదిలితే తీగలా జారి, పడినచోట గుర్తు కాసేపు నిలుస్తుంది. ఈ స్థితిలో నురగ ఎంత తేలికగా ఉన్నా, దాన్ని కాపాడుకుంటూ నూనె కలపడం మాత్రం తేలిక కాదు.

మొదట 96 గ్రాముల నూనెను నురగలోకి ఒకేసారి పోశాను. నూనె నురగను చీల్చుకుని గిన్నె అడుగుకు చేరింది, దాన్ని పైకి తేవడానికి కలిపే కొద్దీ బుడగలు పగిలాయి. మైదా వేసే సమయానికి సాంద్రత 0.92కు ఎక్కింది. కేకు అడుగున 6 మి.మీ. మందంలో రబ్బరులాంటి పొర ఏర్పడింది.

తరువాత నూనెను ముందుగా పెరుగుతో కలిపాను. పెరుగులోని ప్రోటీన్లు నూనెను చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి పట్టుకుంటాయి. విస్క్‌తో (గిలకొట్టే తీగల గరిటెతో) ఒక నిమిషం గట్టిగా కలిపితే నూనె పైకి తేలడం మానేసి, మిశ్రమం చిక్కటి మజ్జిగలా ఏకమవుతుంది. దాన్ని నురగలో కలిపినప్పుడు గుడ్డు సొనలోని లెసిథిన్ కూడా తోడై నూనె విడిపోకుండా చూస్తుంది. సాంద్రత 0.74 వచ్చింది.

గాలి సమస్య తీరాక మరో సమస్య బయటపడింది. కేకు మధ్యలో నిలువునా పగిలి, చల్లారాక నడుమ కుంగింది. ఎత్తైన ప్రదేశాల్లో గాలి పీడనం తక్కువ కాబట్టి బుడగలు త్వరగా, ఎక్కువగా వ్యాకోచిస్తాయి, వాటి గోడలు గట్టిపడేలోపే పగిలిపోతాయి. బెంగళూరు మరీ ఎత్తైన ఊరు కాకపోయినా, గుడ్ల నురగతో చేసే కేకులో ఆ ప్రభావం కనిపించింది. బేకింగ్ పౌడర్‌ను 6 నుంచి 5 గ్రాములకు తగ్గించగానే పైభాగం చదునుగా, పగుళ్లు లేకుండా వచ్చింది.

ఆ కేకు బాగానే ఉన్నా వేలికి కొంచెం జిడ్డు తగిలింది. అందుకని చివరగా నూనెను 85 గ్రాములకు, పాలను 15 గ్రాములకు, పంచదారను 140 గ్రాములకు తగ్గించాను. నూనె మైదా రేణువులను వెన్న కంటే సమంగా పూత పూసి గ్లూటెన్ (తడి మైదాను సాగేలా, గట్టిగా చేసే ప్రోటీను) అల్లికను అడ్డుకుంటుంది కాబట్టి, కొవ్వు తగ్గినా కేకు మెత్తదనం తగ్గలేదు. మధ్య ఎత్తు 5.5 సెం.మీ., అంచున 4.9 సెం.మీ. కాలడానికి 34 నిమిషాలు పట్టింది. కాగితం మీద మరక దాదాపు లేదు.

స్థిరపడిన క్రమం:

1. గుడ్లను గది వేడికి తెచ్చి, పంచదార, ఉప్పు వేసి 7 నిమిషాలు గిలకొట్టాలి.
2. వేరే గిన్నెలో పెరుగు, పాలు, నూనె ఒక నిమిషం విస్క్ చేయాలి.
3. ఈ మిశ్రమాన్ని గిన్నె అంచు మీదుగా సన్నటి ధారగా నురగలో పోస్తూ, మిక్సర్‌ను అతి తక్కువ వేగంలో 20 సెకన్లు తిప్పాలి.
4. మైదా, బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి, మూడు విడతలుగా వేసి, గరిటెతో అడుగు నుంచి పైకి మడతపెట్టాలి. పొడి పిండి కనిపించడం మానగానే ఆపాలి.
5. గ్లాసుతో తూచాలి. 144 నుంచి 156 గ్రాముల మధ్య ఉంటే వెంటనే టిన్నులో పోసి ఓవెన్‌లో పెట్టాలి.

నూనెతో చేసే షిఫాన్ కేకు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. దాన్ని 1927లో లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ బేకర్ రూపొందించి రెండు దశాబ్దాల పాటు రహస్యంగా ఉంచారు. జనరల్ మిల్స్ సంస్థ ఆ పద్ధతిని కొని 1948లో ప్రచురించింది. తెల్లసొనను విడిగా గిలకొట్టి కలపడం దాని కీలకం. 4 గుడ్లు, 100 గ్రా. మైదా, 50 గ్రా. నూనెతో చేసి చూశాను, చాలా తేలికగా వచ్చింది. కానీ నడుమ గొట్టం ఉన్న టిన్ను కావాలి, టిన్నుకు నూనె రాయకూడదు, చల్లారే వరకు తలకిందులుగా ఉంచాలి. నిత్యం చేసుకునే కేకుకు ఇంత శ్రమ అవసరం లేదని పైన స్థిరపడిన క్రమానికే కట్టుబడ్డాను.

ఇంతవరకు: మైదా 1,300 గ్రా., నూనె 639 గ్రా., గుడ్లు 20.

ఐదో దశ: ఆలివ్ నూనెలు

సూపర్ మార్కెట్ అరలో ఆలివ్ నూనె అనే పేరుతో ఉండేవన్నీ ఒకటి కావు. కాయలను కేవలం యాంత్రికంగా నలిపి తీసిన నూనెలో ఆమ్లత 0.8 శాతం లోపు ఉండి, రుచిలో దోషం లేకపోతే దాన్ని ఎక్స్‌ట్రా వర్జిన్ అంటారు. ఎక్స్‌ట్రా లైట్ అని రాసినది శుద్ధి చేసి రంగు, వాసన తగ్గించిన నూనె. అందులో కేలరీలు మిగతా నూనెలతో సమానమే. పామేస్ అని రాసినది, ఒకసారి నూనె తీసిన పిప్పి నుంచి ద్రావకంతో మళ్లీ రాబట్టి శుద్ధి చేసినది. ధరలో ఇదే అన్నింటికంటే తక్కువ కాబట్టి బేకింగ్ కోసం దీన్నే కొనమని సలహా ఇచ్చేవారు ఎక్కువ.

పామేస్, ఎక్స్‌ట్రా లైట్‌లతో చేసిన కేకులను పొద్దుతిరుగుడు నూనె కేకు పక్కన పెట్టి, గుర్తులు దాచి ఇంట్లోవాళ్లకు ఇచ్చాను. ఎవరూ వేరుచేయలేకపోయారు. ఎత్తులో తేడా 2 మి.మీ. కూడా లేదు. రుచి కోసమే అయితే ఈ రెండింటికీ అదనంగా డబ్బు పెట్టడం అనవసరమని నా నిశ్చితాభిప్రాయం.

ఎక్స్‌ట్రా వర్జిన్ విషయం వేరు. వెనిల్లా వేసిన సాదా కేకులో 85 గ్రాములూ ఘాటైన ఎక్స్‌ట్రా వర్జినే పోస్తే, ఓవెన్ నుంచి తీసిన రోజున పచ్చి ఆకు వాసన, మింగాక గొంతులో మిరియం తగిలినట్టు చిన్న మంట మిగిలాయి. గొంతులో ఆ మంటకు కారణం ఓలియోకాంథాల్ అనే పదార్థం. తాజా నూనెలో అది ఉండటం మంచి లక్షణమే అయినా, వెనిల్లా దాని పక్కన నిలబడలేదు. మర్నాటికి ఘాటు తగ్గింది, వెనిల్లా మాత్రం తిరిగి పైకి రాలేదు.

తరువాతి కేకులో వెనిల్లా తీసేసి, రెండు కమలాల పైతొక్కను తెల్లపొర రాకుండా తురిమి, పంచదారతో కలిపి వేళ్లతో నలిపాను. తొక్కలోని సుగంధ తైలం పంచదారకు పట్టింది. పాల స్థానంలో 15 గ్రాముల కమలారసం పోశాను. చేదు, పులుపు, తీపి మూడూ ఒకదాన్నొకటి మోసుకున్నాయి. ఇదే కేకు రెండో రోజున ఇంకా బాగుంది. నిమ్మతొక్కతోనూ ఈ ఫలితమే వస్తుందని ఆ తరువాత చిన్న కప్పు కేకుల్లో సరిచూసుకున్నాను (వాటిని మొత్తంలో కలపలేదు).

ఒంగోలు నుంచి వచ్చిన మా పెద్దమ్మ ఓవెన్ ముందు నిలబడి, "ఆలివ్ నూనె వేడి చేయకూడదంటారు కదమ్మాయ్, 180 డిగ్రీల్లో పెడితే కాగి పొగరాదూ?" అని అడిగింది. ప్రోబ్ అంకె చూపించి, "లోపల తేమ ఉన్నంతసేపూ కేకు 97 దాటదు పెద్దమ్మా. పైపొర ఎండి ఎక్కువ వేడెక్కినా ఓవెన్ వేడిని మించదు" అన్నాను. మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె పొగ వచ్చే ఉష్ణోగ్రత సాధారణంగా 190 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. కేకు లోపలి నూనె దాని దరిదాపులకు కూడా వెళ్లదు. వేపుడు మూకుడుకు వర్తించే జాగ్రత్తను కేకుకు వర్తింపజేయడం వల్లే ఈ భయం వ్యాపించింది.

సీసా కొనేటప్పుడు ముదురురంగు గాజుసీసాను, దగ్గరి తయారీ తేదీని చూసుకోవాలి. నూనె ఆకుపచ్చగా ఉన్నంతమాత్రాన మంచిదని అర్థం కాదు.

ఇంతవరకు: మైదా 1,900 గ్రా., నూనె 979 గ్రా., గుడ్లు 28.

ఆరో దశ: గానుగ నూనెలు

ఆలివ్ నూనెతో నేర్చుకున్నది ఏమిటంటే, వాసన ఉన్న నూనెకు సరైన జత దొరకాలి. మన నూనెల్లో వాసన బలంగా ఉన్నవి ఎన్నో ఉండగా వాటిని కేకుల్లో వాడకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే తోచేది. బెంగళూరులో కట్టెగానుగ దుకాణాలు ఇప్పుడు చాలా పేటల్లో ఉన్నాయి, ఎదురుగా ఆడించి ఇచ్చేవి కూడా ఉన్నాయి. నూనెను ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి అడుగుకు చేరాక పైతేట మాత్రమే తీసుకున్నాను. మడ్డి కలిస్తే కేకులో పిండి రుచి వస్తుంది.

వేరుశనగ నూనె, బెల్లం. పంచదారకు బదులు 140 గ్రాముల బెల్లం పొడి వేశాను. బెల్లం, పెరుగు రెండింటి ఆమ్లాన్నీ లెక్కలోకి తీసుకుని బేకింగ్ పౌడర్‌ను 3 గ్రాములకు తగ్గించి, వంటసోడా 3 గ్రాములు వేస్తే కేకు నల్లగా మారి సబ్బు రుచి వచ్చింది. 100 గ్రాముల పెరుగుకు 1 గ్రాముకు కొంచెం పైన సోడా సరిపోతుంది. మళ్లీ చేసినప్పుడు సోడాను 1 గ్రాముకు దించాను, బెల్లంలోని తేమ దృష్ట్యా పాలు పూర్తిగా మానేశాను. వేయించిన పల్లీల వాసన, బెల్లం పాకం వాసన కలిసి అచ్చం పల్లీపట్టీ తిన్నట్టే అనిపించింది. ఈ ప్రాజెక్టులో నాకు అత్యంత ఇష్టమైన కేకు ఇదే. ఆలివ్, కమలా జత కంటే దీనికే ఓటు వేస్తాను. బెల్లంతో గుడ్లు పంచదారతో వచ్చినంత నురగ ఇవ్వవు, సాంద్రత 0.81 దగ్గర ఆగింది, ఎత్తు 4.9 సెం.మీ. అది సహజమే.

నువ్వుల నూనె. పూర్తిగా 85 గ్రాములూ పోసిన కేకు తినడానికి వీల్లేకుండా పోయింది, మొదటి ముద్దలోనే ఊరగాయ గుర్తుకొచ్చేంత ఘాటు. 30 గ్రాముల నువ్వుల నూనె, 55 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె కలిపి, ఒక చెంచా వేయించిన నువ్వులు పైన చల్లినప్పుడు కుదిరింది. ఈ నిష్పత్తిలో నువ్వుల వాసన చివర్లో వస్తుంది. సెసమాల్ వంటి సహజ పదార్థాల వల్ల నువ్వుల నూనె త్వరగా మక్కదు కాబట్టి, నిల్వ ఉంచే కేకుల్లో దీన్ని కొంత కలపడం మంచిదే.

కొబ్బరి నూనె. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు ఉదయం వంటింట్లో థర్మామీటరు 20 డిగ్రీలు చూపింది. కరిగించిన నూనెను ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగులో పోయగానే అది తెల్లటి పూసలుగా గడ్డకట్టింది. ఆ పూసలు ఓవెన్‌లో కరిగి, ఒక్కోచోట రంధ్రాలు, ఒక్కోచోట జిడ్డు మిగిల్చాయి. రెండోసారి గుడ్లను, పెరుగును గోరువెచ్చటి నీటి గిన్నెలో ఉంచి 28 డిగ్రీలకు తెచ్చాక పూసలు కట్టలేదు, సాంద్రత 0.76, ఎత్తు 5.4 సెం.మీ. వచ్చాయి. వేడిగా ఉన్నప్పుడు కేకు చాలా మృదువుగా ఉంది. మర్నాడు ఉదయం అదే కేకు బిరుసెక్కి, కోస్తే పొడిపొడిగా రాలింది. అది పాతబడటం వల్ల వచ్చిన గట్టిదనం కాదు, ఎందుకంటే ఒక ముక్కను మైక్రోవేవ్‌లో 15 సెకన్లు ఉంచగానే మళ్లీ మెత్తబడింది. కేకులోని నూనె గడ్డకట్టడమే కారణం.

సగం కొబ్బరి నూనె, సగం పొద్దుతిరుగుడు నూనె కలిపి చేస్తే చలిరోజుల్లో కూడా మెత్తగానే నిలిచింది. ఏప్రిల్, మే నెలల్లో, లేదా చెన్నై వంటి వేడి ఊళ్లలో పూర్తి కొబ్బరి నూనెతో చేసినా ఈ ఇబ్బంది ఉండదు.

ఇంతవరకు: మైదా 2,950 గ్రా., నూనె 1,574 గ్రా., గుడ్లు 42.

ఏడో దశ: బిస్కెట్లు

కేకులో గుడ్ల సాయంతో గాలి సమస్యను దాటగలిగాం కానీ, నాన్‌ఖటాయీ వంటి బిస్కెట్లో కొవ్వు గట్టిగా ఉండటమే దాని ఆకారాన్ని కాపాడుతుంది. మైదా 150 గ్రా., శనగపిండి 30 గ్రా., పంచదార పొడి 75 గ్రా., పొద్దుతిరుగుడు నూనె 90 గ్రా. కలిపి 25 గ్రాముల ఉండలు చేసి 165 డిగ్రీల వేడిలో కాల్చాను. 4 సెం.మీ. వెడల్పున్న ఉండ 7.3 సెం.మీ.కు పాకి అప్పడంలా పలచబడింది, అడుగున నూనె కారింది.

కొబ్బరి నూనె గడ్డకట్టే గుణం కేకుకు శాపమైనా ఇక్కడ వరమైంది. ఫ్రిజ్‌లో పెట్టి వెన్నలా మెత్తటి గడ్డ అయ్యాక తీసి, పంచదార పొడితో గిలకొట్టి, ఉండలను మళ్లీ 30 నిమిషాలు చల్లబరిచి కాల్చినప్పుడు వెడల్పు 5.1 సెం.మీ. దగ్గర ఆగింది, పైన నాన్‌ఖటాయీకి రావలసిన పగుళ్లు వచ్చాయి. నోట్లో వేసుకోగానే కరిగింది.

ద్రవ నూనె నిజంగా నప్పేది కారం బిస్కెట్లకు. ఇక్కడి అయ్యంగార్ బేకరీల్లో దొరికే కారా బిస్కెట్ల తరహాలో మైదా 200 గ్రా., వేరుశనగ నూనె 50 గ్రా., పెరుగు 45 గ్రా., పంచదార 12 గ్రా., ఉప్పు 4 గ్రా., బేకింగ్ పౌడర్ 3 గ్రా., సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర తీసుకున్నాను. ముందు నూనెను మైదాకు చేతివేళ్లతో పట్టించి, పిడికిలి బిగిస్తే ముద్ద నిలిచేలా చేశాక మాత్రమే పెరుగు కలపాలి. పెరుగు ముందు కలిపితే మైదా నీరు తాగి గ్లూటెన్ అల్లుకుంటుంది, బిస్కెట్ గట్టిగా, పంటికి సాగుతున్నట్టు వస్తుంది. 5 మి.మీ. మందంలో ఒత్తి, ఫోర్కుతో గుచ్చి, 160 డిగ్రీల వేడిలో 24 నిమిషాలు కాల్చాను. పచ్చిమిర్చిలోని తడిని బట్టతో అద్దకపోతే ఆ చోట బిస్కెట్ మెత్తబడుతుంది.

ఇంతవరకు: మైదా 3,450 గ్రా., నూనె 1,804 గ్రా., గుడ్లు 42.

ఎనిమిదో దశ: బన్నులు

దీనికి ఎక్కువ చెప్పనక్కరలేదు. మైదా 300 గ్రా., నీరు 190 గ్రా., నూనె 18 గ్రా., ఈస్టు 4 గ్రా., పంచదార 15 గ్రా., ఉప్పు 5 గ్రా. నూనెను మైదాలో మొదటే పోస్తే పిండిని సాగదీసినప్పుడు చిరగకుండా పలచటి పొర రావడానికి చేత్తో 14 నిమిషాలు పిసకాల్సి వచ్చింది. పిండి 5 నిమిషాలు పిసికాక నూనె కలిపితే మొత్తం 9 నిమిషాల్లోనే ఆ స్థితి వచ్చింది. పొంగిన ఎత్తులో తేడా లేదు. శ్రమ తగ్గాలంటే నూనెను ఆలస్యంగా కలపాలి.

ఇంతవరకు: మైదా 4,050 గ్రా., నూనె 1,840 గ్రా., గుడ్లు 42.

తొమ్మిదో దశ: నిల్వ

వెన్న కేకు, పొద్దుతిరుగుడు నూనె కేకుల నుంచి సమాన బరువున్న ముక్కలను మూత బిగిసిన డబ్బాల్లో ఫ్రిజ్‌లో ఉంచి రోజూ తూచాను. నాలుగో రోజుకు రెండింటి బరువూ దాదాపు ఒకేలా, 2 శాతం లోపే తగ్గింది. తేమ సమానంగానే ఉన్నా వెన్న ముక్క గట్టిగా, నూనె ముక్క మెత్తగా అనిపించాయి. చలిలో వెన్న కొవ్వు గడ్డకడుతుంది, నూనె ద్రవంగానే ఉంటుంది. నూనె కేకు తేమను ఎక్కువ నిలుపుతుందని చెప్పే మాటకు వెనుక ఉన్నది చాలావరకు ఈ తేడానే. ఫ్రిజ్‌లో పెట్టి తినే కేకులకు, ముఖ్యంగా క్రీము పూసేవాటికి, నూనె మేలు అనడానికి ఇదే బలమైన కారణం.

ఇక నూనె మక్కడం గురించి. పొద్దుతిరుగుడు నూనెలో లినోలెయిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ కాబట్టి గాలికి, వెలుతురుకు త్వరగా చెడుతుంది. ఓలెయిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉన్న ఆలివ్ నూనె నిదానంగా చెడుతుంది. పొయ్యి పక్కన పెట్టిన గానుగ వేరుశనగ నూనె సీసాకు, అల్మారా లోపల పెట్టిన అదే నూనె సీసాకు నెల తరువాత వాసనలో స్పష్టమైన తేడా వచ్చింది. పొయ్యి పక్క సీసాలోని నూనె పాత రంగు డబ్బా మూత తీసినట్టు ఉంది. నూనెలో మొదలైన ఆ వాసనను ఓవెన్ తగ్గించదు కాబట్టి, కొలిచే ముందు ప్రతిసారీ ఒక చుక్క అరచేతిలో రుద్ది వాసన చూడాలి.

ప్రస్తుతం వాడుతున్న కొలత

18 సెం.మీ. టిన్నుకు: మైదా 150 గ్రా., పంచదార 140 గ్రా., గుడ్లు 100 గ్రా., పెరుగు 100 గ్రా., నూనె 85 గ్రా., పాలు లేదా పండ్లరసం 15 గ్రా., బేకింగ్ పౌడర్ 5 గ్రా., ఉప్పు 2 గ్రా. టిన్ను 20 సెం.మీ. అయితే అన్నింటినీ 1.23తో, 23 సెం.మీ. అయితే 1.63తో హెచ్చించాలి. తీరప్రాంతంలో చేసేవారు బేకింగ్ పౌడర్‌ను 6 గ్రాములకు పెంచి, మధ్యలో 97 నుంచి 98 డిగ్రీలు చూసి తీయవచ్చు. ఇంట్లో పెరుగు పలచగా ఉంటే పలచటి బట్టలో పోసి, నీరు కొంత జారాక 100 గ్రాములు తూచుకోవాలి. పలచటి పెరుగుతో, స్థిరపడిన క్రమంలోని రెండో మెట్టులో నూనె సరిగా కలవదు.